ఖుర్షీద్ బేగం ఫొటో

నేను తీసిన మంచి ఫొటోలు చూపించమని ఎవరైనా అడిగితే ఛత్రినాకలో మా స్టూడియో అద్దాల బీరువా వైపు చెయ్యి చూపిస్తాను. అందులో ఒక గుండు చేయించిన పిల్లాడు, ఒక పుట్టినరోజు కేకు, రిటైరైన పోలీసాయనకు శాలువా కప్పుతున్న సన్మానం ఉంటాయి. చూసినవాళ్లు మర్యాదకి బాగున్నాయంటారు. బాగుండవని నాకూ తెలుసు. మనసు పెట్టి తీసినవన్నీ పాతబస్తీ ఇళ్లల్లో, బట్టల మడతల కింద ఉన్నాయి. వాటిని నేను కూడా మళ్లీ చూసుకోలేను.

నా పని అలాంటిది. యాకుత్‌పురా, తలాబ్‌కట్ట వైపు పెళ్లిళ్లలో ఆడవాళ్ల ఫొటోలు తీసేదాన్ని. పరదా పాటించే ఇళ్లు. మగ ఫొటోగ్రాఫరు గడప దాటడానికి లేదు. ఆడదాన్నయినా నాకూ ఒక షరతు ఉండేది. పని అయిపోగానే కెమెరాలోంచి కార్డు తీసి, అందరూ చూస్తుండగా పెళ్లికూతురి తల్లి చేతిలో పెట్టాలి. ప్రింట్లు కావాలంటే లాప్‌టాప్, చిన్న ప్రింటరు వెంట తీసుకెళ్లి ఆ ఇంట్లోనే తీసి, లాప్‌టాప్‌లోవి అక్కడికక్కడే చెరిపేయాలి. ల్యాబుకి పంపడం లేదు, ఫోన్లో పెట్టుకోవడం లేదు, ఇంటికి తెచ్చుకోవడం అసలే లేదు. ఈ షరతు ఎవరూ పెట్టలేదు, నాకు నేనే పెట్టుకున్నాను. అందుకే నన్ను పిలిచేవారు. 'గీతా బాజీ వస్తే ఫికర్ లేదు', గీతక్క వస్తే దిగులు లేదు, అనే మాట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయేది. అదే నాకు సైన్‌బోర్డు.

నాకు తెలిసిన విద్య కూడా ఒక్కటే. వెళ్లగానే కెమెరా బయటికి తీయను. కూర్చుని చాయ్ తాగుతాను, ఏ పిల్ల ఎవరి కూతురో కనుక్కుంటాను, ఎవరైనా ఉల్లిపాయలు కోస్తుంటే నేనూ నాలుగు కోస్తాను. ఆ తర్వాత అందరినీ వరసగా నిలబెట్టి వాళ్లకు కావలసిన ఫొటోలు తీసేస్తాను. అందరూ ఊపిరి బిగబట్టి, దుపట్టాలు సర్దుకుని, పాస్‌పోర్టుకి దిగినట్టు దిగుతారు. అయిపోయింది అంటాను. వాళ్లు హమ్మయ్య అనుకుని భుజాలు దించుతారు చూడండి, నా పని అప్పుడు మొదలవుతుంది. ఫ్లాష్ వేయను. నవ్వమని ఎవరినీ అడగను. కిటికీ ఎటుందో చూసుకుని ఆ పక్కన ఊరికే ఉంటాను. ఫొటో అయిపోయిందనుకున్నాకే మనుషులు వాళ్లలాగా ఉంటారు.

రంజాన్ నెలలో పెళ్లిళ్లుండవు. పండగ కాగానే మొదలై ఎండాకాలమంతా ఊపిరాడదు. పోయిన ఏడు సరిగ్గా ఆ పండగ వెళ్లిన వారమే నా చెల్లెలు సోనీ సూట్‌కేసు సర్దుకుంది. మాదాపూర్‌లో పెద్దింటి పెళ్లిళ్లు తీసే కంపెనీలో ఉద్యోగం, ఆ దగ్గరే హాస్టల్లో మకాం. అమ్మానాన్నలు పోయాక మేమిద్దరమే ఉండేవాళ్లం. దాన్ని నేనే చదివించాను, కెమెరా పట్టడం నేనే నేర్పాను. నాతో పెళ్లిళ్లకు వచ్చి ప్రింట్ల పని అదే చూసుకునేది. నాకెందుకు పెళ్లి కాలేదని ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదని చెప్పేదాన్ని. ఇక తీరికే తీరిక.

"నువ్వు గూడ రా అక్కా," అంది సోనీ, జిప్పు పడక సూట్‌కేసు మీద మోకాలు పెట్టి. "వాళ్లకు సీనియర్ కావాలె. ఓ పది ఫొటోలు సూపియ్యి సాలు, ఎగిరి గంతేస్తరు."

"పది యాడికెల్లి తేవాలె? గుండు పిలగాన్ని సూపియ్యాల్నా?"

"అదే కద నేననేది. ఇన్నేండ్ల సంది తీస్తున్నవ్. నీదని చెప్పుకునేతందుకు ఒక్కటి లేదు. నీకేం అనిపియ్యదా?"

"అనిపిస్తె ఏం జేస్త? మాటిచ్చిన. గంతే."

అది ఏదో అనబోయి, నా ముఖం చూసి ఆగిపోయి జిప్పు లాగింది. ఆటో ఎక్కేముందు నా మెడ చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. "టైముకు తిను," అంది. దాని చిన్నప్పుడు నేను దానికి చెప్పిన మాట నాకే చెప్పి వెళ్లిపోయింది.

ఆ ఎండాకాలం ఎంత ఒంటరిగా ఉన్నానో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బియ్యం ఇద్దరికి పోసి, గుర్తొచ్చి కొన్ని వెనక్కి తీసేదాన్ని. కుక్కర్ కూతపెడితే 'సోనీ, జర బంద్ చెయ్' అని కేకేసి, నేనే లేచి వెళ్లేదాన్ని. పెళ్లికి వెళితే ఇంటి నిండా ఆడవాళ్లు, నవ్వులు, డోలక్ పాటలు. అన్ని ముఖాలనీ దగ్గరగా చూసి, కార్డు ఇచ్చేసి, ఖాళీ కెమెరాతో ఆటోలో వస్తుంటే ఆ రోజంతా ఎక్కడికి పోయిందో తెలిసేది కాదు. ఇదివరకు ఆటోలో పక్కన సోనీ ఉండేది. 'గా పెద్దమ్మ ముక్కుపుడక సూసినవా' అని దానితో అంటే, ఫొటో లేకపోయినా ఆ ముఖం మా ఇద్దరి దగ్గరా ఉన్నట్టుండేది. ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే ఉంటోంది. తెల్లారేసరికి అదీ పోతోంది.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం స్టూడియోకి తస్నీమ్ వచ్చింది. బురఖా ముసుగు పైకెత్తేదాకా గుర్తుపట్టలేదు. కొన్నేళ్ల కిందట యాకుత్‌పురాలో ఆమె పెళ్లికి ఫొటోలు తీసింది నేనే. తెలుగు మాదన్నపేట కూరగాయల మార్కెట్లో నేర్చుకుంది కాబట్టి ఆమె ఏం మాట్లాడినా బేరమాడినట్టే ఉంటుంది. ఆ రోజు మాత్రం గొంతులో బేరం లేదు.

"అమ్మీ పోయింది బాజీ," అంది. "రంజాన్ల."

కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. నీళ్లు తాగి, బ్యాగులోంచి చేతిరుమాలు తీసి ముడి విప్పింది. లోపల నేనిచ్చిన మెమరీ కార్డు. కొసన మెరుస్తూ ఉండాల్సిన గీతల మీద తెల్లగా పొక్కులు కట్టి ఉంది.

"ఏందిది? ఏమైంది దీనికి?"

"మా షాదీ కార్డు. అమ్మీ పాన్‌దాన్ల పెట్టింది. సున్నం డబ్బీ పక్కకే. ఇన్నేండ్లు ఆడ్నే ఉండె. అమ్మీ పాన్‌దాన్ ఎవరు ముట్టరు కద, గదే బందోబస్త్ అనుకుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఇళ్లల్లో పెద్దవాళ్లకు పాన్‌దానే, ఆ తమలపాకుల పెట్టే, ఇనప్పెట్టె. తాళంచెవులు, ఉంగరాలు, మందుబిళ్లలు అన్నీ అందులోనే. కార్డు తుడిచి లాప్‌టాప్‌లో పెట్టాను. అసలేమీ పెట్టనట్టే ఊరుకుంది. మళ్లీ తుడిచాను, మళ్లీ పెట్టాను. తస్నీమ్ నా చేతులనే చూస్తోంది.

"పోయే ముందు అమ్మీ చెప్పింది," అంది. "అండ్ల నాదొక ఫొటో ఉంది, గీతా తీసింది, నేను పోయినంక సూడు అన్నది. గట్లాంటిదొకటి ఉందని మాకెవరికి తెల్వదు బాజీ. ఆధార్ కార్డు మీద ఉంది కని, అది అమ్మీ లెక్క లేదు. దొంగను పట్టుకొచ్చినట్టుంది."

ఆ ఫొటో నాకు గుర్తుంది. ఎందుకు గుర్తుండదు?

తస్నీమ్‌కి పెళ్లి ముందు పసుపు పెట్టే వేడుక రోజు తీసింది అది. భర్త ఉన్నవాళ్లే పెళ్లికూతురికి పసుపు ముట్టించాలని వాళ్ల ఇంటి పెద్దల పట్టుదల. తల్లి ఖుర్షీద్ బేగం అప్పటికే భర్త పోయిన మనిషి. కన్న కూతురికి పసుపు పెట్టడానికి లేక ఆమె వంటింట్లో వడ్డన చూసుకుంటూ ఉండిపోయింది. అందరూ తిన్నాక నేను వెనక వసారాలోకి వెళ్లాను. ఆమె పసుపు గిన్నె కడగడానికి తెచ్చి, రేకుల సందులోంచి పడే ఎండలో కూర్చుంది. కడగలేదు. అంచున మిగిలిన పసుపు వేలితో తీసి తన చెంపకే పూసుకుంది. పూసుకుని, ఎవరో గిలిగింతలు పెట్టినట్టు నవ్వింది. తలమీది కొంగు జారి తెల్లజుట్టంతా కనిపిస్తోంది, నవ్వులో ఊడిన పన్ను సందు కనిపిస్తోంది. అప్పుడు తీశాను.

చప్పుడు విని ఇటు తిరిగింది. కెమెరా వెనక తెరమీద చూపించాను. చాలాసేపు చూసి, "ప్రింట్ నక్కో," అంది, వద్దని. తుడిచేయనా అంటే దానికీ నక్కో అంది. తన దగ్గరే ఉండనిమ్మని గుండె మీద చెయ్యి వేసి చూపించింది. ఆ ఫొటో సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

"నీ దగ్గర ఉంటది కద బాజీ?" అంది తస్నీమ్.

"నా దగ్గరెట్ల ఉంటది? మీ ముంగట్నే ఇచ్చేసిన కద."

"అందరు గట్లనే అంటరు. లోపల ఒకటి దాస్కుంటరు. నేనేమనుకోను. అల్లా ఖసమ్, ఎవరికి చెప్పను. గా ఒక్కటియ్యి సాలు."

"లేదు తస్నీమ్. నిజంగ లేదు."

ఆ పిల్ల నా ముఖంలోకి వెతుకుతున్నట్టు చూసింది. ఇన్నేళ్లు మాట మీద నిలబడ్డానని గర్వపడ్డాను. మాట తప్పి ఉంటే బాగుండునని నన్ను ఒక మనిషి బతిమాలే రోజు వస్తుందని అనుకోలేదు. నేను నిజం చెబుతున్నానని నమ్మాక తస్నీమ్ ఏడ్చింది. ఏడ్చి, ముసుగు దించుకుని వెళ్లిపోయింది. కార్డు బల్లమీదే వదిలేసింది.

ఆ సాయంత్రం సోనీకి ఫోన్ చేశాను. ఏదో అడగాలని కాదు, ఎవరో ఒకరికి చెప్పుకోవాలి. జరిగిందంతా చెప్పి, "ఒక్కటన్న ఉంచుకోకుంట ఎట్ల తుడిచేస్తిమే మనం," అని ఏడ్చాను.

"అక్కా," అంది. "నేను తుడ్వలే."

ఆదివారం పొద్దున్నే వచ్చి అరచెయ్యంత హార్డ్ డిస్క్ ఒకటి బల్లమీద పెట్టింది. ప్రింట్ల కోసం లాప్‌టాప్‌లోకి ఎక్కించినప్పుడల్లా ఇంకో కాపీ ఇందులోకి తీసుకునేదట. తర్వాత ఇంటివాళ్ల ముందు లాప్‌టాప్‌లోవి చెరిపేదట. వాళ్ల ముందే కాదు, నా ముందు కూడా.

"ఎందుకే గిట్ల చేసినవ్?"

"నువ్వు తీసినయ్ అక్కా. ఎట్ల తుడ్వాలె? నాకు చెయ్యి రాలే."

"ఎవరికన్న సూపించినవా?"

"అమ్మతోడు, ఎవరికి సూపియ్యలే. కంపెనోళ్లకు గూడ. ఆఖరికి నీకు గూడ సూపియ్యలే, సంపుతవని."

కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి లేచింది. కానీ నేను తీసినవాటిని దాచుకోవాలని ఈ లోకంలో అనిపించింది దీనికొక్కదానికే కదా అని కూడా అనిపించింది. ఆ కోపం, ఆ ప్రేమ రెండూ ఒక్కసారే మీద పడి ఏమీ చేయలేకపోయాను. లోపలికి వెళ్లి దానికి చాయ్ పెట్టుకొచ్చాను.

"ఇగ నువ్వు గిట్ల చెప్పు," అంది సోనీ, కప్పు అందుకుంటూ. "కోఠిల కార్డులు బాగుచేసే దుకాణాలుంటయ్. ఆడ ఇచ్చిన, ఇదొక్కటి దొర్కింది అను. వాళ్లకు వాళ్లమ్మ దొర్కుతది. నీ పేరు నీకుంటది. లొల్లే లేదు."

"అబద్ధం కాదా?"

"ఉంటె ఉండనీ. గా అబద్ధంతోని ఎవరికి నష్టం అక్కా?"

నిజం చెబితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. తస్నీమ్ ఒక్కతే కాదు. వాళ్ల ఖాలా కూతుళ్లు, అంటే పిన్ని బిడ్డలు, వాళ్లు చెప్పగా నన్ను పిలిచినవాళ్లు, ఆ ఇళ్లన్నిటి తలుపులూ మూసుకుంటాయి. నాకు అన్నం పెట్టే పని అదొక్కటే. వాళ్ల మధ్య కూర్చుని ఉల్లిపాయలు కోసే పగళ్లు తప్ప నాకు వేరే మనుషులు కూడా లేరు.

సోనీ వెళ్లాక డిస్క్ తెరిచాను. ఆ ఒక్క ఫొటో తీసుకుని మూసేద్దామనే అనుకున్నాను. మూయలేదు. అద్దం ముందు ఏడుపు ఆపుకోబోయి నవ్వేసిన పెళ్లికూతురు. అక్క కొత్త చెప్పుల్లో కాళ్లు దూర్చి నిలబడ్డ చిన్నపిల్ల. బిర్యానీ డేగిశాల పక్కన గోడకానుకుని నోరు తెరిచి నిద్రపోయిన ముసలమ్మ. గాజులు పగిలి గుచ్చుకుంటే ఒకరి చెయ్యి ఒకరు నోట్లో పెట్టుకున్న వదినా మరదళ్లు. ఎప్పుడో తీసి, ఇచ్చేసి, మరిచిపోయినవి. ఎండ గోడ దిగి పోయేదాకా చూశాను. నేను మంచి ఫొటోగ్రాఫర్నని నాకు ఆ రోజే తెలిసింది. ఆ మాట చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఖుర్షీద్ బేగం ఫొటో మంచి కాగితం మీద ప్రింటు తీసి, మర్నాడు యాకుత్‌పురా వెళ్లాను.

తస్నీమ్ పుట్టింట్లోనే ఉంది, తల్లి సామాను సర్దుతోంది. అప్పుడే తలంటుకుందేమో, తడి జుట్టు వీపంతా పరుచుకుని ఉంది. కవరు చేతికిచ్చాను. తీసి చూసి ముందు నవ్వింది. "ఇగో, ఇది అమ్మీ," అంది. తర్వాత ఫొటో దగ్గరికి జరుపుకుంది.

"చెంపకు హల్దీ ఉంది. ఎవరు పెట్టిన్రు?"

"ఎవరు పెట్టలే. గిన్నెల మిగిలింది తనే పెట్టుకుంది. నీ హల్దీనే అది."

తస్నీమ్ ఉన్నచోటే నేలమీద కూలబడింది. ఫొటోని కళ్లకద్దుకుంది, ముద్దు పెట్టుకుంది, మళ్లీ చూసింది. "అమ్మీని ముట్టనియ్యలే బాజీ ఎవరు. నేను గూడ అమ్మీ ఏది అని అడగలే. ఫొటోలు దిగుడే సరిపాయె నాకు," అంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం. వచ్చింది మంచిదయిందనుకున్నాను.

"ఎట్లొచ్చింది బాజీ? కార్డు పనిచేసిందా?"

"కోఠిల ఒక దుకాణం ఉంది. ఆడ ఇచ్చిన. ఇదొక్కటే దొర్కింది." చెప్పేశాను. అనుకున్నదానికంటే తేలిగ్గా వచ్చింది.

తస్నీమ్ ముక్కు తుడుచుకోబోతూ ఆగింది.

"దుకాణంల ఎవరు సూసిన్రు?"

"ఏంది?"

"కంప్యూటర్ల తెరిచి సూస్తరు కద. ఆడోళ్లా, మొగోళ్లా?"

ఇది నాకు తట్టలేదు. సోనీకీ తట్టలేదు. ఖుర్షీద్ బేగం పాలవాడితో కూడా తెర వెనక నుంచే మాట్లాడిన మనిషి. ఆ ఫొటోలో తలమీద కొంగు లేదు.

తస్నీమ్ ఫొటోని తిప్పి గుండెకు ఆనించి పట్టుకుంది. "జిందగీ అంత పరదాల ఉంది," అంది, నా వైపు చూడకుండా. "పోయినంక మొగోళ్ల ముంగట పెట్టిన్నా అమ్మీని? నేనే పెట్టిన్నా?"

ఆడమనిషే చూసిందని ఇంకో అబద్ధం ఆడొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల తల్లిని గుండెకు అదిమి పట్టుకున్న తీరు చూశాక నా నోరు రాలేదు. ఆ తల్లి నన్ను నమ్మే నా ముందు నవ్వింది.

"ఏ మొగోడు సూడలే తస్నీమ్," అన్నాను. "దుకాణం లేదు ఏం లేదు. మా సోనీ కాపీ ఉంచుకుంది. నాకు గూడ మొన్ననే తెల్సింది. అది సూసింది, నేను సూసిన. ఇంకెవరు సూడలే. మా అమ్మ మీద ఒట్టు."

"అల్లా," అని గట్టిగా ఊపిరి వదిలింది. ముఖంలోకి ప్రాణం వచ్చింది. ఫొటోని మళ్లీ తిప్పి చూసుకుంది. చూస్తూ చూస్తూ ఉండగా మిగతాది అర్థమైంది.

"మేం గూడ ఉన్నమా అండ్ల?"

"ఉన్నరు."

"మా ఖాలా బిడ్డలు?"

"ఉన్నరు. అందరు ఉన్నరు."

కేకలేయలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేది. పక్కన పడి ఉన్న దుపట్టా తీసుకుని మెల్లగా తలమీదికి లాక్కుంది. తడి జుట్టంతా లోపలికి సర్ది, గడ్డం కింద అంచు పట్టుకుంది. ఆ ఇంట్లో ఇన్నేళ్లలో నన్ను చూసి ఎవరూ కొంగు సర్దుకోలేదు. నేను పరాయిదాన్నయిపోయానని నాకు అప్పుడు తెలిసింది.

"ఇంటికి పోంగనే అన్ని తుడుస్త," అన్నాను.

"ఖాలాకు చెప్పాలె బాజీ నేను. చెప్పకుంటె అది గూడ తప్పే."

"చెప్పు. చెప్పాలె."

లేచి బ్యాగు భుజానికి వేసుకున్నాను. చెప్పులు వేసుకుంటుంటే వెనకే గడప దాకా వచ్చింది.

"బాజీ." దుపట్టా అంచు ఇంకా గడ్డం కిందే పట్టుకుని ఉంది. "నువ్వు సూసినవా అన్ని?"

"సూసిన."

వీధిలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "మంచిగున్నమా మేము?"

ఇన్నేళ్లలో నా ఫొటోలు ఎలా వచ్చాయని ఎవరూ నన్ను అడగలేదు.

"మస్తున్నరు తస్నీమ్," అన్నాను. "ఒక్కొక్కరు మస్తున్నరు."

తల ఊపింది. తలుపు దగ్గరికి వేసుకుంది. లోపల గడియ పడ్డ చప్పుడు విని మెట్లు దిగి, ఇంటికి వచ్చి, ఒక్కొక్కరినీ చూసుకుంటూ అన్నీ తుడిచేశాను.